మేనత్త చెవులు

మా బాబాయికి మనిషి కనబడితే వరస కలపందే నిద్రపట్టదు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూచోబెట్టి, ఇంటిపేరు అడిగి, అమ్మమ్మగారి ఊరు అడిగి, కాఫీ చల్లారేలోపు "అయితే నువ్వు నాకు బావమరిదివోయ్!" అని తేల్చేస్తాడు.

పన్ను పీకించుకోవడానికి వెళ్లి, నోటినిండా దూదితోనే డాక్టరుని బావమరిదిని చేసుకున్నాడు. ఆ కంగారులో ఆయన పక్క పన్ను పీకేశాడు. "పోనీలేరా, పరాయివాడా ఏమన్నా?" అని బాబాయి వాచిన బుగ్గతోనే మురిసిపోయాడు.

పిన్ని గోల వేరు. "ఈయన్ని కూరలకి పంపకురా. కొట్టువాణ్ణి అల్లుణ్ణి చేసుకొచ్చారు. అల్లుడితో బేరమాడితే బాగుండదట. పుచ్చు వంకాయలైనా నోరుమూసుకుని తెచ్చుకోవాలట!"

అలాంటి మనిషికి మా పేట గ్రంథాలయం మేడమీద వంశవృక్షాల సంఘం పెట్టారని తెలిసింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. నన్నూ లాక్కెళ్లి చేర్పించాడు. ఆదివారాలు పొడవాటి బల్ల చుట్టూ కూచుని తాతముత్తాతల్ని వెతుక్కోవడం అక్కడి పని. అధ్యక్షురాలు రిటైరైన లెక్కల టీచరు. ఆవిడది ఒకటే మాట.

"ఈ బ్యాంకు గుమాస్తాగారు మాకు పెదనాన్న వరసండీ," అనేవాడు బాబాయి.

"ఆధారం?"

"ఆ నడక చూడండి!"

"నడక చెల్లదు. ఇక్కడ బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం కుదరదండీ."

బాబాయి కలిపిన వరస ఒక్కటి కూడా సభ్యుల పేర్లు రాసిన గోడమీది పెద్ద చార్టు ఎక్కలేదు. అయినా ఆయన మానితేగా!

ఒక ఆదివారం మా వీధి చివర ఉండే టైలరమ్మ వచ్చింది. "మీ నాన్నగారి పేరు చెప్పండి, అక్కణ్ణుంచి మొదలుపెడదాం," అన్నారు టీచరుగారు.

"తెలీదండీ. అమ్మదీ తెలీదు. అనాథాశ్రమంలో పెరిగాను. మా పాప 'మనవాళ్లెవరమ్మా?' అని ఒకటే అడుగుతోంది. ఇక్కడేమైనా చెబుతారేమోనని..."

టీచరుగారు చేతిలో కలం బల్లమీద పెట్టేశారు. ఆవిడ సంచి భుజాన వేసుకుని లేచింది. "పొరపాటున వచ్చానండీ." నాకు చాలా బాధేసింది.

"ఆగు తల్లీ!" అన్నాడు బాబాయి, ఆవిడనే ఎగాదిగా చూస్తూ. "ఆ చెవులెక్కడివి?"

"చెవులా?"

"అచ్చం మా మేనత్త చెవులు! నువ్వు ఆవిడ మనవరాలివి. నాకు మేనకోడలివి. ఏదీ, మామయ్యా అని పిలువు!"

ఆవిడ నవ్వేసింది. నమ్మిందని కాదు, ఆ పిలుపు బాగుంది. "అలాగే మామయ్యా," అంటూ కూచుంది.

అందరం టీచరుగారి వైపు చూశాం. ఆవిడ కళ్లజోడు తుడిచి పెట్టుకుని, టైలరమ్మ చెవుల్ని తీరిగ్గా చూశారు. "ఆధారం కనబడుతూనే ఉందిగా," అని స్కేలు తీసుకుని, చార్టు మీద బాబాయి పేరు పక్కనుంచి గీత గీశారు. తల్లికీ పాపకీ చోటు వదిలారు.

దారిలో అడిగాను. "బాబాయ్, మన ముత్తాతకి అందరూ మగపిల్లలేగా. నీకు మేనత్త ఎక్కడిది?"

"లేదురా. ఇవాళే పుట్టింది. అన్నట్టు, టైలరమ్మ నీకు వదినవుతుంది. వచ్చేవారం ముందే వెళ్లి కుర్చీ వెయ్యి."

రెండు వేశాను. పాప వస్తూనే టీచరుగారి ముందుకెళ్లి నిలబడింది. "మరి మీరు నాకేమవుతారు?"

బాబాయి నా డొక్కలో ఒక్క పోటు పొడిచాడు. "చూశావా? ఇదిరా ఆధారం!"