అల్లుడుగారి కారు

మా అక్క పందెం కార్ల ఇంజినీరు. నాన్న బంధువులతో చెప్పేటప్పుడు ఆ మాట కాస్తా "కార్ల కంపెనీలో ఆఫీసరు" అయిపోతుంది. "ఆడపిల్లకి ఈ గ్రీజు చదువేంటి?" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, ఏడాదిపాటు అక్కతో మాట్లాడటం మానేసింది ఆయనే. ఆయన్ని దారికి తెచ్చింది అమ్మ. ఎలా తెచ్చిందో ఆయనకి ఇప్పటికీ తెలీదు. తనే పెద్ద మనసు చేసుకుని ఒప్పుకున్నాననుకుంటున్నాడు. "ఈ ఇల్లు నా క్రమశిక్షణ మీద నడిచింది కాబట్టే అది అంతటిదైంది" అంటుంటే, అమ్మ బట్టలు మడతపెడుతూ ఊఁ కొడుతుంది. నాకు ఒళ్లు మండిపోతుంది.

అక్క చేరిన జట్టుకి యజమాని ఒక రంగుల కంపెనీ ఆసామి. కారు నడిపేది ఆయన అల్లుడు. అందుకని షెడ్డులో అందరూ చాటుగా ఆయన్ని మామగారనీ, ఇతన్ని అల్లుడుగారనీ అంటారు. అల్లుడుగారు మలుపులో జడిసి ముందే బ్రేకు తొక్కితే తప్పు బ్రేకుది. వెనకబడితే టైర్లది. గాలి కూడా ఒకట్రెండుసార్లు తప్పు చేసింది. తప్పు అల్లుడుగారిదని చెప్పే నోరు మాత్రం ఆ షెడ్డులో లేదు.

దీనికి పెద్ద మేస్త్రి ఒక మందు కనిపెట్టాడు. అల్లుడుగారు ఫిర్యాదు చెయ్యగానే జాకీ వేసి కారు లేపుతాడు. పానా పట్టుకుని కిందికి దూరి, ఠంగు ఠంగుమని నాలుగు దెబ్బలు వేసి, చెమట తుడుచుకుంటూ బయటికొస్తాడు. ఒక్క నట్టు కూడా కదలదు. అల్లుడుగారు ఓ చుట్టు తిరిగొచ్చి, "ఆఁ, ఇప్పుడు దార్లోకొచ్చింది" అంటాడు. విచిత్రమేమిటంటే ఆ చుట్టు నిజంగానే వేగంగా వచ్చేది.

"ఇదేం మోసం, మేస్త్రిగారూ?" అంది అక్క మొదట్లో.

"మోసం కాదమ్మా, వైద్యం. రోగం కారుకైతే కారుకే చేసేవాళ్లం."

పోనుపోనూ అక్కకీ అలవాటైపోయింది. పైగా కంప్యూటర్లో నాలుగు గీతలు చూపించి, "మార్చేశామండీ" అని తనే చెప్పేది. ఏడాది చివరి పందెం అయ్యాక ఉద్యోగం ఖాయం చేస్తామని మామగారు మాటిచ్చారు మరి.

ఆ పందెం రోజు పొద్దున అల్లుడుగారు, "ఎడమవైపు వెనక చక్రం గరగరమంటోంది" అన్నాడు. మేస్త్రి కిందికి దూరాడు, ఠంగుమనిపించాడు, వచ్చాడు. అల్లుడుగారు ఓ చుట్టు కొట్టొచ్చి, "ఇప్పుడు హాయిగా ఉంది" అన్నాడు. కానీ అక్క కంప్యూటర్ తెరమీద చూస్తే ఆ చక్రం బేరింగు వేడి మిగతా మూడింటినీ దాటి ఎక్కడికో పోయింది. ఏడాదికి ఒక్కసారి అల్లుడుగారు నిజం చెబితే ఎవరూ నమ్మలేదు, చివరికి అతను కూడా.

అక్క పరుగున మామగారి దగ్గరికి వెళ్లింది. ఆయన అతిథుల మధ్య ఉన్నారు. "సార్, ఆ చక్రం విప్పి చూడాలి."

"పొద్దున్నే బాగుచేశారుగా! ఇప్పుడు విప్పితే అందరికంటే వెనక నుంచి మొదలెట్టాలి. కుదరదు."

వెనక నుంచి మేస్త్రి వద్దు వద్దని చేతులూపుతున్నాడు. అక్కకి ఇన్నేళ్ల చదువు, నాన్నతో మాటల్లేని ఆ ఏడాది, అన్నీ గుర్తొచ్చాయట. అయినా చెప్పేసింది. "బాగుచెయ్యలేదండీ. ఇవాళే కాదు, ఏడాదంతా సగం ఫిర్యాదులకి ఏమీ చెయ్యలేదు. ఉత్త చప్పుడు."

మామగారు చక్రం విప్పించారు. బేరింగు ముక్కలు మేస్త్రి అరచేతిలో రాలాయి. పందెంలో అది విరిగి ఉంటే అల్లుడుగారు గోడకి అంటుకునేవాడు. అక్క వెళ్లి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

అల్లుడుగారు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "అంటే... మీరేం మార్చకుండానే నేనంత వేగంగా వచ్చేవాణ్ణా?"

"అవునండీ."

అతని మొహం చాటంతైంది. "మామయ్యగారూ, విన్నారా? అదంతా కారు కాదుట, నేనేనట!"

చావు తప్పిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మామగారు అల్లుడి భుజం తట్టారు, అక్క ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. ఏదైనా మార్చామంటే అల్లుడుగారి మొహం వాడిపోతుంది, కారు నెమ్మదిస్తుంది. అందుకని అక్క పగలంతా స్ప్రింగులు విప్పి, సరిచేసి, బిగించి, గ్రీజు చేతులు వెనక్కి దాచుకుని నిలబడుతుంది. "ఏమైనా మార్చారా?" అంటాడతను. "ఏం లేదండీ, అంతా మీరే" అంటుంది. మొన్న కప్పు కూడా గెలిచాడు. కప్పుతో మామా అల్లుళ్ల ఫోటో తీసింది అక్కే.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర గోలపెట్టింది. "చెయ్యనప్పుడు చేశానన్నాను. ఇప్పుడు ఒళ్లు వంచి చేసి, చెయ్యలేదంటున్నాను. ఇదేం ఉద్యోగమే అమ్మా?"

అవతలి గదిలో నాన్న ఫోనులో ఎవరికో తన క్రమశిక్షణ గురించి చెబుతున్నాడు. అమ్మ ఆయన చొక్కా మడతపెట్టి దొంతర మీద పెట్టింది.

"నీకు జీతమైనా ఇస్తున్నారు కదే" అంది.