మాచా గదిలో పెద్దావిడ

మాచా పొడి రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే ఆ గదిలో ఇరవై ఆరేళ్లుగా ఆవిడ మాటకి ఎదురు లేదు. అందరూ పెద్దావిడ అనేవాళ్లు. చాటున ఇంకేదో అనేవాళ్లు. అదీ ఆవిడకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా.

మాచా అంటే మామూలు తేయాకే. కాకపోతే దాన్ని నీడలో పెంచి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు ఏరేసి, రాతి తిరగలిలో పచ్చటి పొడిగా విసురుతారు. పెద్దావిడ చిటికెడు పొడి తెల్లకాగితం మీద వేసి, బొటనవేలితో ఒక్క గీత లాగేది. గీత తెగకుండా సాగి లేతపచ్చగా మెరిస్తే సరే. పసుపు తిరిగితే ముసలి సరుకని పెదవి విరిచేది. ఆ తర్వాత వాసన. ఆ తర్వాత మరిగీ మరగని నీళ్లు పోసి, వెదురు కవ్వంతో నురగ కట్టేదాకా గిలక్కొట్టి, ఒక గుక్క. మంచి మాచా అయితే ముందు చిరుచేదు తగిలి, దాని వెనకే కమ్మదనం నాలుకంతా పరుచుకుంటుంది. నాసిరకానిది ఎండుగడ్డి కంపు. అలాంటిదానికి పొరపాటున ఎవరైనా ఎక్కువ మార్కులు వేశారో, వాళ్ల చేత గిన్నె మొత్తం తాగించేది. "కానీ కానీ, నచ్చిందన్నావుగా" అనేది నవ్వుతూ. ఒకమ్మాయి తాగలేక అక్కడే కక్కుకుంటే, తుడవడం కూడా ఆ అమ్మాయి చేతే తుడిపించింది.

ఆ గదిలో గిన్నెలు కడిగేది పెద్దావిడ సొంత చెల్లెలు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. అక్కగారింట్లోనే వెనక గదిలో ఉండేది. నిజానికి ఆ గదిలోకి గిన్నెలు కడగడానికి వచ్చిన మనిషి కాదు. పద్దెనిమిదేళ్ల కిందట రుచి చూసే ఉద్యోగానికే పరీక్షకి వచ్చింది. యజమాని ముందు పెట్టిన అయిదు గిన్నెలూ ఒక్కటి తప్పకుండా చెప్పింది. పెద్దావిడ గుండెల్లో రాయి పడింది. తను మొదట్లో మూడే చెప్పగలిగింది మరి. యజమాని చెవిలో మెల్లిగా ఊదింది: "నిన్న రాత్రి నేను మార్కులు రాసుకున్న కాగితాలు చూసిందండీ. దానికి అంత నాలుకెక్కడిది?" పచ్చి అబద్ధం. అయినా చెల్లిపోయింది. పాపం అనుకున్నట్టు మొహం పెట్టి, గిన్నెలు కడిగే పని తనే అడిగి ఇప్పించింది. దాన్ని ఊళ్లో వాళ్లందరికీ ఉపకారంగా చెప్పుకుంది.

ఇదంతా ఒక ఎత్తు. కిందటేడు వచ్చిన జ్వరం ఒక ఎత్తు. పది రోజులు మంచం మీద ఉండి లేచేసరికి ముక్కు పోయింది, ముక్కుతో పాటు నాలుకా పోయింది. వెల్లుల్లి రెబ్బ నలిపి ముక్కుకి ఆనించుకుంటే ఏమీ లేదు. మాచా తాగితే గోరువెచ్చటి నీళ్లు. కాళ్ల కింద భూమి కదిలిపోయింది. రుచి చూడలేని రుచి మనిషిని ఎవరు ఉంచుకుంటారు? ఈ గది లేకపోతే ఆవిడకి దడిసేవాళ్లు ఎవరుంటారు?

ఆ సాయంత్రమే చెల్లెల్ని వంటింట్లో నిలబెట్టి ఆజ్ఞ వేసింది. ఇకనుంచి తను ఒక గుక్క తాగి వదిలిన గిన్నెని చెల్లెలు తెర వెనక్కి తీసుకెళ్లి, అడుగున మిగిలింది రుచి చూడాలి. కడిగి తెచ్చి బల్ల మీద బోర్లిస్తే మంచి సరుకు. వెల్లకిలా పెడితే మామూలు. పక్కకి వాల్చి పెడితే చెత్త.

"బయట ఒక్క మాట పొక్కిందో, వెనక గది ఖాళీ చేసుకోవాల్సి వస్తుంది" అంది.

"నేనెవరితో చెబుతాను అక్కా" అంది చెల్లెలు.

గిన్నెలు కడిగి వచ్చేదాకా మార్కులు రాయకుండా ఆగాలి కదా. దానికీ ఒక ఎత్తు వేసింది. "రుచి నాలుక మీద నిలవాలి. తొందరపడి రాసేవాళ్లు టీకొట్టుకి పనికొస్తారు" అని కొత్త పద్ధతి ప్రకటించి, అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చునేది. ఆవిడ చేతికింద పనిచేసే ఇద్దరూ కూడా పిచ్చిమొహాల్లా కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు. ఎనిమిది నెలలు అలా గడిచిపోయాయి.

ఒకరోజు కొనుగోలుదారు హడావిడిగా వచ్చి పక్కనే కూర్చున్నాడు. చెల్లెలు వేడినీళ్ల కోసం కిందికెళ్లింది. ఆయన ఎదురుగా ఎంతసేపని కళ్లు మూసుకుంటుంది? రంగు బాగుంది, గీత బాగుంది, ఆ ధైర్యంతో మంచి సరుకని రాసేసింది. ఆవిడ రాశాక కాదనడానికి మిగతా ఇద్దరికీ ధైర్యం చాలలేదు. వారం తిరక్కుండా సరుకంతా వెనక్కి వచ్చింది. డబ్బా మూత తీస్తే గుప్పున బూజు వాసన. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా తెలిసింది, పెద్దావిడకి తప్ప.

యజమాని గదిలోకి వచ్చాడు. "ఇది మీకెలా తెలియలేదమ్మా?"

పెద్దావిడ తడుముకోలేదు. "గిన్నెకి సబ్బు వాసనండీ. నా నోరంతా పాడైపోయింది."

ఆ గదిలో గిన్నెకి సబ్బు తగలడం కన్నా పెద్ద తప్పు లేదు. వేడినీళ్లు, నూలుగుడ్డ, అంతే. చెల్లెల్ని పిలిచి అడిగారు. చెల్లెలు అక్క మొహం వంక చూసింది. ఆ కళ్లలో వెనక గది తాళం కనిపించింది. "పొరపాటైందండీ" అంది తల దించుకుని.

యజమాని నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేవాడే. పెద్దావిడే ఊరుకోలేదు. తన గుట్టు తెలిసిన మనిషి ఈ గది చుట్టుపక్కల లేకపోతేనే క్షేమం, కావాలంటే పొడి ఇంటికి పట్టుకెళ్లి దాని చేత రుచి చూపించుకోవచ్చు అనుకుంది. "ఇన్నేళ్లకి కూడా సబ్బు వాడకూడదని తెలియని మనిషెందుకండీ? నా చెల్లెలని చూడకండి, పంపించేయండి" అంది. పంపించేశారు.

కానీ యజమాని మనసులో పురుగు తొలిచింది. మూడురోజులు పెద్దావిడ గొంతునొప్పి అని నెట్టుకొచ్చింది. మూడోరోజు ఆయన నాలుగు పొట్లాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రేపు పొద్దున పదింటికి బయటినుంచి ఒకాయన వస్తున్నాడు. వీటిలో ఒకటి మేలురకం, ఒకటి పారెయ్యాల్సింది. ఆయన ముందు మీరే చెప్పాలి."

అందరూ వెళ్లాక కాగితం మీద నాలుగు గీతలూ గీసి చూసింది. నాలుగూ ఒకే పచ్చ, ఒకే మెత్తన. నాలుగింట్లోంచీ చిటికెడు చొప్పున, వరస తప్పకుండా పొట్లాలు కట్టుకుని ఇంటికి పరిగెత్తింది.

చెల్లెలు కాదనలేదు. నాలుగు గిన్నెలూ తనే గిలక్కొట్టి, ఒక్కొక్కటే నిదానంగా రుచి చూసింది. "ఒకటీ నాలుగూ మామూలే. రెండోది మేలురకం, మొదటి కోత. మూడోది పారెయ్యి. పాతపొడికి రంగు కలిపారు."

"నిజంగానా?"

"నిజమే అక్కా."

ఆ మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. మూడురోజులుగా ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు. అదే పెద్దావిడకి నిద్ర పట్టనివ్వలేదు. ఉద్యోగం ఊడగొట్టిన మనిషికి ఎవరైనా నిజం చెబుతారా? దాని స్థానంలో తనుంటే చెప్పేదా? చచ్చినా చెప్పదు. అంటే రెండోది మంచిదంటే అదే చెత్త. మూడోది చెత్తంటే అదే మేలురకం. నాతోనే ఆటలా అనుకుని, తెల్లవారేసరికి తన తెలివికి తనే భుజం తట్టుకుంది.

పదింటికి అందరి ముందూ మూడో గిన్నె ఎత్తి, కళ్లు మూసుకుని, "ఆహా, మొదటి కోత" అంది. రెండో గిన్నెలోది ఒక గుక్క తీసుకుని తూ అని ఉమ్మింది. "ఇది మనుషులు తాగేదేనా?"

బయటినుంచి వచ్చినాయన యజమాని వంక చూశాడు. యజమాని ఆవిడని కళ్లు మూసుకోమని చెప్పి, ముక్కు కింద ఏదో పట్టాడు. "ఇదెలా ఉందమ్మా?"

"చాలా లేతగా ఉందండీ. ఇలాంటిది ఈమధ్య రాలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ కళ్లు తెరిచి చూస్తే, అది నేల తుడిచే తడిగుడ్డ. గిన్నె మొత్తం తాగలేక కక్కుకున్న ఆ అమ్మాయి అందరికన్నా ముందు నవ్వింది, అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది. మధ్యాహ్నానికల్లా పెద్దావిడ సంచీ సర్దుకుని రోడ్డు మీద ఉంది.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతోంది.

"నిజమే చెప్పావుటే?" అంది పెద్దావిడ.

"నిజమేనని నిన్ననే చెప్పానుగా."

"అంత అన్యాయం చేశానే నీకు! నా మీద కసి లేదుటే?"

చెల్లెలు కత్తిపీట వాల్చి, మొదటిసారి అక్క కళ్లలోకి సూటిగా చూసింది. "ఎందుకు లేదు? అబద్ధం చెబితే నువ్వు తిప్పి చెప్పి గట్టెక్కేదానివి. నిజం చెబితే నువ్వు నమ్మవని తెలుసు. అందుకే నిజం చెప్పాను."

తరిగిన ముక్కలు కడిగి పొయ్యి మీదికి ఎక్కించింది.