వంకర తీసేసిన తీగ

సన్మాన సభల్లో కప్పే శాలువాల గురించి ఎవరూ ఎందుకు నోరు విప్పరో నాకు అర్థం కాదు. చలికి కప్పుకుందామంటే ఆగదు, ఒళ్లు తుడుచుకుందామంటే తడి పీల్చదు. జరీ మెరుపు రెండో ఉతుక్కే బకెట్‌లోకి దిగిపోతుంది. మా ఇంట్లో ఇలాంటివి నాలుగున్నాయి. ఒకటి వాషింగ్ మెషీన్ కప్పుకుంది. మిగతా మూడింటికి ఇంకా పోస్టింగ్ రాలేదు. అందుకే మొన్న హన్మకొండలోని రైలు అభిమానుల బృందం ఫోన్ చేసి, "అంకుల్, మన లైన్ల కరెంటు రైళ్లు ఎట్లొచ్చినయో ఎగ్జిబిషన్ పెడ్తున్నం, మీకు సన్మానం గూడ ఉంటది" అన్నప్పుడు, శాలువా లేకపోతే వస్తానన్నాను. జోకనుకుని నవ్వారు.

నేను రైల్వేలో పైతీగల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పట్టాల పక్కన స్తంభాలు నాటించడం, వాటికి రాగి తీగ కట్టించడం, కట్టిన తీగ తెగకుండా కాపలా కాయడం నా పని. పెళ్లిచూపుల నాడు మా మామగారు "ఇంజను నడుపుతారా?" అని అడిగారు. లేదన్నాను. "మరి టికెట్లా?" అన్నారు. కాదు, తీగ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఉద్యోగం పర్మనెంటేనా అని మాత్రం అడిగారు.

అభిమానులంటే నాకు కోపం లేదు. కాజీపేటలో ప్లాట్‌ఫారం చివర గంటలకొద్దీ నిలబడతారు. ఇంజను నంబరు చెబితే పుట్టుపూర్వోత్తరాలు చెబుతారు. హారన్ వినగానే ఏ రకమో పట్టేస్తారు. బొగ్గింజను పేరెత్తితే, దాన్ని ఎన్నడూ చూడనివాళ్ల కళ్లు కూడా చెమ్మగిల్లుతాయి. కానీ ఇన్నేళ్లలో వాళ్లలో ఒక్కరైనా తలెత్తి తీగ వంక చూడగా నేను చూడలేదు. కరెంటు ఆకాశం నుంచి దానంతటదే దిగుతుందని వాళ్ల నమ్మకం కాబోలు.

పాత ఫోటోలుంటే ఇమ్మన్నారు. నా దగ్గర ఉన్నది ఒకటే, అదే ఇచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, రఘునాథపల్లి దాటాక, అడిగి తెచ్చుకున్న కెమెరాతో నేనే తీశాను. పట్టాల మీద చక్రాల ట్రాలీ, దాని మీద ఎత్తైన నిచ్చెన. కింద నలుగురు మనుషులు ఆ నిచ్చెనను కదలకుండా పట్టుకున్నారు. పైన మా లైన్‌మన్ చేతిలో స్కేలు పట్టుకుని తీగను కొలుస్తున్నాడు.

ఆ లైన్‌మన్ నాకంటే ఐదారేళ్లు పెద్ద. నాకు పని నేర్పింది అతనే. కాలేజీలో తీగ గురించి నాకు అన్నీ చెప్పారు, దాన్ని ముట్టుకోవడం తప్ప. చేరిన వారంలోనే కింద నిలబడి తీగను చూసి, "వంకరగా కట్టినవేందన్నా? సీదా చెయ్" అని ఇంజనీరు హోదాలో ఆర్డరు వేశాను. అతను మెట్టు మెట్టూ దిగివచ్చి, మెల్లగా అడిగాడు.

"సారూ, చేదబాయి గిరక మీద తాడు ఒక్కకాడనే గీస్కపోతే ఏమైతది?"

"గాడి పడ్తది."

"గంతే."

తీగను ఒక స్తంభం దగ్గర కాస్త ఎడమకు, తరవాతి స్తంభం దగ్గర కాస్త కుడికి లాగి కడతారు. అప్పుడే ఇంజను నెత్తిమీద, తీగను రాసుకుంటూ కరెంటు అందుకునే పట్టీ అంతటా సమానంగా అరుగుతుంది. తిన్నగా కడితే పట్టీ ఒకేచోట కోసుకుపోతుంది. నేను పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఆ ఎండలో గుర్తురాలేదు. అతను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నిచ్చెన ఎక్కేముందు ఎప్పటిలాగే సమ్మక్కను తలుచుకుని మళ్లీ ఎక్కాడు. మొదటి కరెంటు బండి వచ్చిన రోజున జనమంతా ఇంజనుకు దండాలు పెడుతుంటే, అతనొక్కడే పైకి చూస్తూ నిలబడ్డాడు. బండి వెళ్లిపోయాక, "నిలవడ్డది సారూ" అన్నాడు. తీగ సంగతి.

ఎగ్జిబిషన్‌కు రెండు రోజుల ముందు అతనికి ఫోన్ చేశాను.

"అన్నా, నీ ఫోటో పెద్దగ చేసి పెడ్తున్నరు. ఇంటోళ్లను తీస్కొని రా."

"నేను కనవడ్తనా సారూ అండ్ల?"

"నిచ్చెన మీద నువ్వేగదనే! నిలువున కనవడ్తవు."

"అట్లయితే వస్త. ఇంట్ల నేను పట్టాలు ఊడ్చేటోణ్ణనుకుంటరు సారూ. మనవరాలు ఇంజనీరింగ్ చదువుతాంది. తాతా, నువ్వు రైల్వేల ఏం చేసినవే అనడుగుతది. చెప్తె నవ్వుతది. ఒక్కసారి సూపెట్టాలె."

చూపిద్దాం రమ్మన్నాను. మాటిచ్చింది నేనే.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కూతురినీ మనవరాలినీ వెంటబెట్టుకుని, నాకంటే ముందే వచ్చాడు. హాలు మధ్యలో గోడంత ఫోటో. దాని ముందు నిలబడి, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని వెతుకుతున్నాడు.

"ఏది సారూ?"

నేనూ చూశాను. అదే స్తంభం, అవే పట్టాలు. నిచ్చెన లేదు, ట్రాలీ లేదు, ఐదుగురు మనుషుల్లో ఒక్కరూ లేరు. వాళ్లున్న చోట ఎర్రటి కొత్త ఇంజను నిలబడి ఉంది. ఆకాశం పెయింటు డబ్బా మీది రంగులో ఉంది. తీగ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

ఎగ్జిబిషన్ పెద్ద ఒక ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సంతోషంగా వచ్చాడు. "ఎట్లుందంకుల్? పాతది గద, మరకలు, చుక్కలు, మస్తు నాయిజ్ ఉండె. మొత్తం క్లీన్ చేసిన."

"మనుషులేరి?"

"ఇంజన్‌కు జాగ సాల్లేదంకుల్. వాళ్లు కరెక్టుగ మధ్యల అడ్డమొచ్చిన్రు."

"ఆ నాయిజ్‌కు రైల్వే నెలనెలా జీతమిచ్చింది" అన్నాను. "ఇంకొక సంగతి. ఆనాడు ఆ తీగల కరెంటే లేదు. నీ ఇంజన్ ఆడిదాంక ఎట్లొచ్చింది? ఎడ్లను కట్టి గుంజుకొచ్చిన్రా?"

"ఊకె లుక్ కోసమంకుల్. తీగ గూడ వంకరుంటే సీదా చేసిన, చూసిన్రా?"

చూశానని చెప్పాను. బీపీకి పొద్దున వేసుకున్న మాత్ర ఆ నిమిషంలో తన శక్తికి మించి పనిచేసింది. ఆ తరవాత నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఈ తీగ కింద బండి నడిపితే పట్టీ రంపం పెట్టినట్టు తెగుతుందన్నాను. ఇంజన్ల పేర్లు, ముద్దుపేర్లు, పుట్టినరోజులు అన్నీ గుర్తుంటాయి గానీ, దాని నెత్తిన తీగ కట్టిన మనిషి మీకు అడ్డమొచ్చాడా అన్నాను. హాల్లో వాళ్లు సమోసాలు తినడం ఆపారు. శాలువా పట్టుకుని ఎదురుచూస్తున్న అమ్మాయి దాన్ని మెల్లగా వీపు వెనక్కి జరుపుకుంది.

"సారూ, పోనియ్" అన్నాడు లైన్‌మన్.

"నువ్వాగన్నా. అసలు ఫోటో ఏది? అది పెట్టాలె. ఇప్పుడే."

ఎగ్జిబిషన్ పెద్ద మొహం ముడుచుకుని బ్యాగులోంచి నా పాత ఫోటో తీసి ఇచ్చాడు. నేను దాన్ని గెలిచినవాడిలా మనవరాలి చేతికిచ్చాను. "చూడు బిడ్డా. పైన ఉన్నది మీ తాతనే."

ఆ పిల్ల దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. తాత వంక చూసింది. మళ్లీ ఫోటో చూసింది.

"మొఖం కనవడ్తలేదు గద తాతా. అటు తిరిగి ఉన్నడు. ఎవరైనా కావచ్చు."

నేను ఆమె భుజం మీదుగా చూశాను. నిజమే. తీగను కొలిచేవాడు తీగ వంకే చూస్తాడు. ఫోటోలో ఉన్నది ఒక వీపు, తలకు చుట్టిన తువ్వాలు, పైకెత్తిన చెయ్యి. ఇన్నేళ్లూ నేను చూసుకున్న ముఖం నా జ్ఞాపకంలోదే.

"వెనక ఏందో రాసుంది" అని ఆమె ఫోటో తిప్పింది. తాత ముందుకు వంగాడు. ఆమె పైకి చదివింది. ముందు కిలోమీటరు, తరవాత స్తంభం నంబరు, ఆ కింద నా గుండ్రటి చేతిరాతలో, "తీగ ఎడమకు. కొలత సరిగ్గా ఉంది."

"గంతేనా?" అంది.

"గంతే ఉండె" అన్నాడు ఎగ్జిబిషన్ పెద్ద, ఈసారి కాస్త ధైర్యంగా. "నేను గూడ వెనక చూసినంకుల్. పేర్లుంటే తీస్తుంటినా?"

మా శాఖలో అదొక అలవాటు. తీగ తెగినా, నెమలి వాలి షార్ట్ అయినా, మధ్యాహ్నం సద్ది ఎక్కడ తిందామన్నా స్తంభం నంబరే చెప్పుకుంటాం. అది రాస్తే అంతా రాసినట్టే. ఆ ఐదుగురి పేర్లు, ఊర్లు, ఎవరు ఏ బీడీ తాగేవారో ఈనాటికీ నిద్రలో లేపినా చెప్పగలను. అదే అక్కడ చెప్పబోయాను.

లైన్‌మన్ మనవరాలి చేతిలోంచి ఫోటో తీసుకుని, ముందువైపు చూడకుండా, వెనకున్న రాతనే వేలితో ఓసారి తడిమి నాకు తిరిగి ఇచ్చాడు.

"స్తంభానికి నంబరు రాసినవ్ సారూ. మాకు అదిగూడ రాయలె."