వెల్లుల్లి రుద్దే ఉద్యోగం

ఆ రోజుల్లో నాకున్నంత ధీమా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఇరవై రెండేళ్ళు. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో ఉద్యోగం. ఏం పని అని ఎవరైనా అడిగితే "ఇటాలియన్ సెక్షన్" అనేదాన్ని. (ఆ మాటతో రెండో ప్రశ్న రాదు. అందుకే అలా చెప్పేదాన్ని.) నిజానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చేసేది ఒకటే, కాల్చిన బ్రెడ్డు ముక్కల మీద వెల్లుల్లి రెబ్బ రుద్దడం. ముక్కకు రెండుసార్లు. మూడోసారి రుద్దితే పెద్ద చెఫ్ కేకలు వేసేవాడు. వాటి మీదికి టమాటాలు కోయడం కూడా నాకన్నా ముందు చేరినవాళ్ళ పని. మార్కాపురంలో మావాళ్ళకు ఇదంతా చెప్పలేదు. నాయన మాత్రం వీధిలో కనిపించిన వాళ్ళందరికీ "మా పాప ఇటలీ వంటలు చేస్తాది" అని చెప్పుకుని తిరిగేవాడు.

తిరగగలిగినన్నాళ్ళు తిరిగాడు. ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో పలకల అంచులు రుద్ది నునుపు చేసిన మనిషి. ఆ పొడంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, చివరికి వాకిట్లోంచి మంచం దాకా నడవడానికే రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. నెల రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాక తిండి మానేశాడు. జొన్నరొట్టె, చారన్నం, ఉగ్గాణి, అమ్మ చేయని వంట లేదు. ఏది పెట్టినా మొహం తిప్పుకునేవాడట. ఒకరోజు ఫోనులో ఏం మాట్లాడాలో తోచక మా సెక్షన్ సంగతి ఎత్తాను. "భోజనానికి ముందు పెట్టేటివి నాయనా. చిన్న చిన్న ముక్కలు. అవి తింటే ఆకలి పుడతాది" అన్నాను.  నాయన ఆయాసపడుతూనే, "ఆకలి పుట్టిస్తాదా? అయితే వచ్చి నాకు చేసిపెట్టు పాపా" అన్నాడు.

రెండు రోజుల సెలవు మీద పోయాను. మా వీధి చివర బేకరీ నడిపే సాయిబు మామ నాయనకు చిన్ననాటి స్నేహితుడు. తీపి లేని బ్రెడ్డు కావాలంటే, "యా అల్లా, ఇంట్లో షుగర్ ఎవరికొచ్చిందమ్మా?" అని భయపడ్డాడు. ఆలివ్ నూనె మందుల షాపులో దొరికింది. "పాపకు ఎన్నో నెల?" అన్నాడు షాపతను. (మా ఊళ్ళో ఆ నూనె పసిపిల్లల ఒంటికి రాయడానికే.) మా నాయనకు, అరవయ్యో ఏడు అని చెప్పలేక తల వంచుకుని వచ్చేశాను. ఇటాలియన్లు వేసే ఆకు తులసికి చుట్టమని గుర్తొచ్చి పెరట్లోకి నడిస్తే అమ్మ అడ్డం వచ్చింది. "ఎల్లుల్లి ముట్టిన చేత్తో తులసమ్మను తాకినావంటే చెయ్యి ఇరగ్గొడతా!" చివరికి మామే వాళ్ళింటి సబ్జా మొక్క నుంచి రెండు రెమ్మలు తుంచి ఇచ్చాడు. వాసన చూస్తే అచ్చం మా హోటల్ వాసన.

దోసెల పెనం మీద బ్రెడ్డు కాల్చాను. మొదటి వాయి మాడింది. రెండోది ఎండి అట్టముక్కల్లా బిగుసుకుపోయింది. ఇక చేసేది లేక దాని మీదే వెల్లుల్లి రుద్ది, టమాటా ముక్కలు, ఉప్పు, నూనె, సబ్జా ఆకు వేసి మంచం దగ్గరికి పట్టుకుపోయాను. నాయన కొరికాడు. తెగలేదు. ఇంకో పక్కన కొరికాడు.

"ఏందిమే ఇది, మా పలకే మెత్తగుంటాది గదా!"

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. "నాకు వంట రాదు నాయనా. ఆడ నేను ఎల్లుల్లి రుద్దుతా. అంతే."

నాయన నా మొహంలోకి చూసి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, అమ్మ వచ్చి వీపు రాసింది. ఊపిరి అందాక అన్నాడు, "రుద్దితే ఏమి? నేను రుద్దలేదా ముప్పై ఏండ్లు? నీదే నయం. ఎల్లుల్లి ఊపిరిలోకి పోదు."

ఆ ముక్కను టమాటా నీళ్ళల్లో నాననిచ్చి, వేళ్ళతో తుంచుకుని మెల్లగా తిన్నాడు. రెండోది కూడా తిన్నాడు. ఇంకో ముక్క ఇవ్వబోతే వద్దని, అమ్మ వైపు తిరిగి, "ఆకలైతాంది. రెండు ముద్దలు అన్నం కలిపి తీసుకురా" అన్నాడు. అమ్మ పరుగులాంటి నడకతో వంటింట్లోకి పోయింది. 

మర్నాడు పొద్దున బయలుదేరుతుంటే, "మళ్ళీ ఎప్పుడొస్తావు? అది మళ్ళీ చేద్దువు" అన్నాడు. వచ్చే నెల అన్నాను. "సరే, పో. బస్సు పోతాది" అన్నాడు. పన్నెండో రోజు సాయిబు మామ ఫోను చేశాడు. పేరు పెట్టి పిలిచి, నాయన పోయాడని ఏడుపులోనే చెప్పాడు.

చాలా ఏళ్ళకు, ఏదో మాటల మధ్య అమ్మ చెప్పింది. ఆ రోజు అన్నం తిన్నాక, నేను బజారుకు పోగానే నాయన తిన్నదంతా కక్కుకున్నాడట. ఆకలి లేదు, ఏమీ లేదట. "పాపకు చెప్పొద్దు" అని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడట.

అప్పటి నుంచి ఆ ఉదయపు బస్సు గుర్తొస్తూ ఉంటుంది. యర్రగొండపాలెం దాటేదాకా ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల నోరు ఆగలేదు. పక్క సీటులో ఉన్న పెద్దావిడకు, అడగకపోయినా, మా నాయనకు ఆకలి పుట్టించి వస్తున్నానని చెప్పింది. ఆవిడ "చల్లగా ఉండు తల్లీ" అంటే పొంగిపోయింది. వచ్చే నెల బ్రెడ్డు ఇంకా పలచగా కోయాలని కూడా అనుకుంది. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నాకు తెలిసింది ఆమెకు చెప్పాలని మాత్రం ఎప్పుడూ అనిపించదు. కిటికీ పక్కన అలాగే కూర్చుని హైదరాబాదు చేరనీ.