మాకు రావలసిన గాలి

దోహాలో అల్ మన్సూరాలో మేమున్న మూడంతస్తుల బిల్డింగును మా ఆయన పనిచేసే కంపెనీ స్టాఫు కోసం అద్దెకు తీసుకుంది. అందులో పై అంతస్తు ఇల్లు మాది. తొంభైల నడిమి రోజులవి. మాకు తెలిసినవాళ్ళ ఇళ్ళలో చాలావరకు కిటికీకి బిగించిన ఏసీలే ఉండేవి. మాది మాత్రం డక్ట్ ఏసీ. మిషను మేడ మీద ఉండేది. చల్లగాలి రేకు గొట్టాల్లోంచి సీలింగు పైనే నడిచి, ప్రతి గదిలోనూ ఒక జాలీలోంచి దిగేది. ఇంటికొచ్చిన వాళ్ళు తల పైకెత్తి చూసి, "చప్పుడే లేదు, అదృష్టవంతులండీ మీరు" అనేవారు. వాళ్ళని నేను ముందుగదిలోనే కూర్చోబెట్టేదాన్ని. వెనకగదిలోకి తీసుకెళ్ళి ఉంటే ఆ మాట అనేవారు కాదు.

వెనకగది మా అమ్మాయిది. నాలుగేళ్ళ పిల్ల. జూన్ వచ్చేసరికి దాని మెడా వీపూ చెమటకాయలతో ఎర్రబడిపోయేవి. ఆ గది జాలీ దగ్గర అరచెయ్యి పెడితే, జబ్బుమనిషి ఊపిరిలా ఉందా లేదా అన్నట్టు తగిలేది గాలి. దానికి తోడు పక్కదుప్పటి మీద రోజూ గోధుమరంగు దుమ్ము.

మొదటిసారి కంప్లయింట్ ఇస్తే మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ వచ్చాడు. మేడ మీదికి వెళ్ళి, దిగివచ్చి, చేతులు దులుపుకుని, "మేడమ్, మిషన్ ఏక్‌దమ్ ఠీక్ హై" అన్నాడు. మరి వెనకగది ఎందుకు కాలిపోతోందని అడిగాను. మా హిందూస్తానీ వాళ్ళు పొద్దస్తమానం వంటలు చేస్తారట, వంటింటి తలుపు తీసి పెడతారట, అందుకని ఇల్లంతా వేడట. రెండోసారి వచ్చినప్పుడు ఆ గది పడమటి వైపు ఉందన్నాడు. గదిని తిప్పి కట్టలేం కదా అని నవ్వాడు. రెండుసార్లూ కంప్లయింట్ కార్డు మీద "ఏ లోపమూ లేదు" అని రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ రెండు సంతకాలూ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెళ్ళికి ముందు నేను రాజమండ్రిలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో రెండేళ్ళు పనిచేశాను. దోహా వచ్చాక ఆ చదువుని సూట్‌కేసులో అడుగున పెట్టేసినట్టే పెట్టేశాను. ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం, నడవా సీలింగు మీద కంచమంత మరక కనిపించింది. అక్కడి సీలింగు పలక ఉబ్బి, అంచున నీటిబొట్టు వేలాడుతోంది. ఫోన్ చేస్తే సూపర్‌వైజర్, "పై ఇంటి బాత్‌రూమ్ లీకేజీ అయివుంటుంది" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. మా పైన ఇల్లెక్కడుంది? ఆకాశం ఉంది.

మరి నీళ్ళెక్కడివి? ఆగస్టులో దోహా గాలి ఆవిరి పట్టినట్టుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా క్షణంలో చెమరుస్తుంది. ఆ పలక కూడా అలాగే చెమరుస్తోంది. అంటే దాని వెనక ఏదో చల్లగా ఉంది. జాలీ అన్నదే లేని నడవాలో, సీలింగు వెనక, చల్లగా! దేవుడి గూట్లోంచి అగరుబత్తి తీసి వెలిగించి, కుర్చీ ఎక్కి, మరక చుట్టూ పలకల సందుల దగ్గర పట్టుకున్నాను. నిట్టనిలువుగా పైకి పోవలసిన పొగ, ఎవరో నోటితో ఊదినట్టు, వంగి నా మొహం మీదికి వచ్చింది. దగ్గొచ్చింది. కుర్చీ దిగకుండానే గట్టిగా, "దొరికావు" అన్నాను.

మూడో కంప్లయింటుకి సూపర్‌వైజర్ రాలేదు. కింద బండిలో కూర్చుని టెక్నీషియన్‌ని పైకి పంపాడు. నలభై దాటిన మనిషి, నిజామాబాద్ వైపు వాడు. మా గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి ఒక్కసారిగా మొహం విప్పారింది. "అక్కా, మీరు మనోళ్ళేనా?" అన్నాడు. నేను మళ్ళీ అగరుబత్తి వెలిగించి చూపించాను. పొగ వంగడం చూసి ఆయన కింద బండి వైపు కిటికీలోంచి ఒకసారి తొంగిచూశాడు. గొంతు తగ్గించాడు.

"మిషన్ మంచిగనే ఉంది అక్కా. గాలి గూడ మంచిగనే కొడుతున్నది. గని మీ రూమ్ దాంక వస్తలేదు. పైన్నే పోతున్నది. డక్ట్ జాయింట్ ఊడింది."

"అయితే బిగించండి అన్నా."

"సీలింగు ఇప్పే పని నా కార్డుల లేదు. ఇప్పిన్ననుకో, రేపు నన్ను పని ఇయ్యక క్యాంపుల కూసోబెడ్తడు. ఇంటికాడ నా పోరగాండ్లు గల్ఫ్‌ల బాపు కొలువు చేస్తుండు అనుకుంటరు." ఆయన నవ్వాడు కానీ కళ్ళు నవ్వలేదు.

"పోనీ ఎలా చెయ్యాలో చెప్పండి. నేను చేసుకుంటాను."

"మీరా?"

"నేనే."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నడవాలోనే నిలబడి, బండి హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా, చెప్పాడు. "ముందుగాల మిషన్ బంద్ చెయ్యుండ్రి. దుమ్ము మంచిగ తుడువుండ్రి, దుమ్ము మీద గమ్ము అంటదు. ఒట్టి టేపు ఏస్తె నిలువది, వేడికి ఊడొస్తది. తెల్లగమ్ము బ్రష్‌తోని పుయ్యాలె, దాని మీద గుడ్డ పట్టీ ఏసి మళ్ల పుయ్యాలె. ఒక దినం ఆరాలె. ఆరకముందు మిషన్ పెట్టిండ్రనుకో, అంత ఖరాబ్." తలుపు దగ్గర ఆగి, "నేను జెప్పిన అని మాత్రం అనకుండ్రి" అన్నాడు.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన అకౌంట్స్‌లో పనిచేసేవారు. జాగ్రత్త గల మనిషి. టీ కప్పు కింద పెట్టేశారు.

"ఇది కంపెనీ ఇల్లు. నా వీసా కంపెనీది. నీకర్థమవుతోందా?"

"అర్థమవుతోందండీ. వెనకగదిలో ఉడికిపోతున్న పిల్ల మాత్రం కంపెనీది కాదు."

మర్నాడు ఆఫీసుకి వెళ్తూ, "నిచ్చెన కావాలంటే వాచ్‌మన్‌ని అడుగు. బల్బు మార్చాలని చెప్పు" అన్నారు. నాకు ఆ అబద్ధం నచ్చలేదు. వాచ్‌మన్‌తో సీలింగు విప్పాలనే చెప్పాను. అతను నిచ్చెన ఇచ్చాడు.

హార్డ్‌వేర్ షాపులో గమ్ము డబ్బా అడిగితే, అక్కడున్న ముసలి పఠాన్ నన్ను దాటి తలుపు వైపు చూశాడు, వెనక ఎవరైనా మగాడు వస్తున్నాడేమోనని. ఇది కష్టమైన పని, ఇంటి నుంచి ఆద్మీని పంపించు అన్నాడు. "ఈ పనికి ఆద్మీని నేనే" అన్నాను నా వచ్చీరాని హిందీలో. ఆయన గడ్డం నిమురుకుని డబ్బా, రెండు బ్రష్షులు, వెండిరంగు టేపు చుట్ట కౌంటరు మీద పెట్టాడు. వెళ్ళబోతుంటే పిలిచి, ఒక జత తోలు గ్లౌజులు కూడా ఇచ్చాడు. రేకు అంచు కత్తిలాంటిదని చెప్పాడు. ఆ గ్లౌజులు నా చేతులకి పెద్దవైపోయాయి. తీసేసి పని మొదలుపెట్టాను, గంటలోపే అరచెయ్యి కోసుకున్నాను. ఆ మచ్చ ఇంకా ఉంది.

శుక్రవారం సెలవు. మా ఆయనది ఒక ఫుల్ చేతుల చొక్కా నేను వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, తడిసిన పలక దించి, తలా భుజాలూ సీలింగులోకి పెట్టాను. టార్చి వెలుగులో మొదట దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరో పనివాడు వదిలేసిన చెప్పు ఒకటి, అరబిక్ పేపరు ముక్కలు. తర్వాత గొట్టం కనిపించింది, చల్లదనం పోకుండా పసుపుపచ్చ గ్లాస్ ఊల్ చుట్టి. మేడ మీదినుంచి దిగిన పెద్దగొట్టం నడవా పొడుగునా వెళుతోంది. దాన్నుంచి వెనకగదికి చీలిన కొమ్మ చోట ఊల్ నల్లగా తడిసి వేలాడుతోంది. దాన్ని పక్కకి తప్పించాను. కొమ్మ పెద్దగొట్టాన్ని వదిలేసి పక్కకి ఒరిగిపోయింది. మధ్యలో నా పిడికిలి దూరేంత సందు. ఆ సందులోంచి ఎముకలు కొరికే చల్లగాలి నా మొహాన్ని కొట్టింది.

ఎన్ని వేసవులుగా అలా పోతోందో! మేం పిల్లకి తడిగుడ్డ తుడుస్తూ కూర్చుంటే, కంపెనీవారి మిషను సీలింగులో ఎవరికీ పనికిరాని చీకటిని చల్లబరుస్తోంది. నాకు అప్పుడు కలిగింది సంతోషం కాదు, కోపం. వంటలు చేస్తారట! పడమటి గదట!

"ఏమైంది?" కిందినుంచి మా ఆయన.

"పైకి రండి. మీరే చూడండి."

నేను దిగాను, ఆయన ఎక్కారు. చాలాసేపు తల బయటికి పెట్టలేదు. దిగాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మిషను ఎక్కడ ఆపాలి?" అన్నారు.

ఆ రోజంతా ఇద్దరం కలిసి చేశాం. ఆయన కొమ్మని ఎత్తి పట్టుకుంటే నేను అంచులు సరిచేసి మరలు బిగించాను. నా పాత నూలుచీర చింపి పట్టీలు చేసి, గమ్ములో ముంచి, కట్టు కట్టినట్టు చుట్టాను. అదొక్కటే కాదు, వరసగా మరో మూడు పలకలు దించి చూస్తే ప్రతి అతుకు మీదా పాత టేపు ఎండుటాకులా వేలాడుతోంది. వాటికీ పూశాను. గ్లాస్ ఊల్ ముళ్ళు మెడలో, మోచేతుల్లో గుచ్చుకుని మూడురోజులు దురద పెట్టాయి.

ఆరడానికి ఒక దినం అన్నాడు కదా. ఆగస్టులో ఏసీ లేకుండా ఒక దినం! అమ్మాయిని కింది ఇంటి హైదరాబాద్ ఆవిడ తీసుకెళ్ళింది. "ఏందమ్మా ఇది, ఇల్లంత ఆగమాగం జేసుకున్నరు" అని మా నడవా చూసి నోరు నొక్కుకుంది. మేమిద్దరం నేల మీద కూర్చుని మజ్జిగన్నం తిని, చెమటలు కారుస్తూ, ఒకర్నొకరు చూసి నవ్వుకున్నాం. పెళ్ళయ్యాక ఆయన అంతగా నవ్వడం అప్పుడే చూశాను.

శనివారం సాయంత్రం మిషను పెట్టాం. వెనకగదిలో కిటికీ తెర ఊగింది. అమ్మాయి జాలీ కింద నిలబడి చొక్కా ఎత్తి పొట్ట చూపించి, "అమ్మా, గాలీ!" అంది.

ఎలా తెలిసిందో సూపర్‌వైజర్‌కి తెలిసింది. వారం తిరక్కుండా హౌసింగ్ మేనేజర్ మా ఆయన్ని పిలిచాడు. ఆయనతో నేనూ వెళ్ళాను. మేనేజర్ మంచి ఇంగ్లీషు మాట్లాడే అరబ్బు పెద్దమనిషి. ఒక కాగితం మా వైపు తోశాడు. అనుమతి లేకుండా కంపెనీ ఆస్తికి నష్టం కలిగించాను, ఇకముందు ఇలా చెయ్యను అని టైపు చేసి ఉంది. కింద మా ఆయన పేరు.

"నష్టం ఏమిటో చూపించండి" అన్నాను.

"మేడమ్, నేను మీ భర్తతో మాట్లాడుతున్నాను."

"గొట్టం బాగుచేసింది నేను. నష్టమైతే నాది. కాగితం మీద నా పేరు ఉండాలి. నాతోనే మాట్లాడాలి."

సూపర్‌వైజర్ పక్కన నిలబడి, ఆడవాళ్ళు ఇలా చేసి ఎవరైనా కిందపడి చచ్చిపోతే జవాబు ఎవరు చెప్తారన్నాడు. రెండుసార్లు వచ్చి, ఒక్క పలక కూడా ఎత్తి చూడకుండా లోపం లేదని రాసింది ఎవరని అడిగాను. టెక్నీషియన్ సంగతి మాత్రం ఎత్తలేదు. ఎవరు నేర్పారని మేనేజర్ రెండుసార్లు అడిగాడు. కాలేజీలో నేర్చుకున్నానన్నాను.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు. సంతకం పెట్టేస్తారేమో అనుకున్నాను. ఆయన కలం తీసి, 'నష్టం కలిగించాను' అన్నచోట కొట్టేసి, 'మరమ్మతు చేశాము' అని రాసి, కాగితం వెనక్కి తోశారు. "ఇలాగైతే సంతకం పెడతాను సర్" అన్నారు.

మేనేజర్ ఆ కాగితం తీసి సొరుగులో పెట్టుకున్నాడు. "సరే, వెళ్ళండి" అన్నాడు. అంతే. మా వీసా పోలేదు. అయితే అల్ ముంతజాలో కొంచెం పెద్ద ఇల్లు ఇస్తామని అంతకుముందే ఆశపెట్టారు, అది ఇంకొకరికి వెళ్ళింది. మా కంప్లయింట్లకి మూడు నెలలు ఎవరూ రాలేదు. కుళాయి వాషర్ మార్చడం కూడా నేర్చుకున్నాను.

పదిరోజులకి కింది ఇంటి హైదరాబాద్ ఆవిడ వచ్చింది. వాళ్ళ బెడ్‌రూమ్ కూడా అంతేనట. "మా ఆయనకు జెప్పలే, జెప్తె వద్దంటడు. నువ్వు నేర్పు, నేనెక్కుత" అంది. ఎక్కింది. సగం పనిలో ఉండగా ఆమె భర్త డ్యూటీ నుంచి త్వరగా వచ్చేశాడు. నిచ్చెన మీద భార్య కాళ్ళు చూసి, "ఏం జేస్తున్నవ్? ఎవర్నడిగి ఎక్కినవ్?" అన్నాడు. సీలింగులోంచి ఆమె గొంతు వినిపించింది: "చల్లగ పండుకుందామని ఎక్కిన. ఆ బ్రష్ ఇటియ్యి." అతను బ్రష్ అందించాడు. ఆ వేసవిలోనే మరో రెండిళ్ళలో కూడా చేశాం.

చలికాలంలో కంపెనీ బిల్డింగంతటికీ మనుషుల్ని పంపింది. ఏటా చేసే మెయింటెనెన్సే అని కింద నోటీసు అంటించారు. అంతకుముందు ఏ ఏడాదీ అలాంటిది మేం చూడలేదు. వచ్చినవాళ్ళలో నిజామాబాద్ ఆయన ఉన్నాడు. మా నడవాలో పలక ఎత్తి చూసి, కింద నిలబడ్డ సూపర్‌వైజర్‌కి వినిపించేట్టు హిందీలో, "ఇక్కడ చేసేది ఏం లేదు, ఎవరో గట్టిగా చేశారు" అన్నాడు. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

వెళ్ళేముందు సూపర్‌వైజర్ గుమ్మంలో ఆగాడు. "మేడమ్, ఇకనుంచి సీలింగు ముట్టుకోవద్దు" అన్నాడు.

"గాలి మళ్ళీ ఆగిపోతే ముట్టుకుంటాను" అన్నాను.

అతను మెట్లు దిగిపోయాడు.