ఒక అడుగు ముందు రావలసిన మాట

మా పటమట వీధిలో లారీ ఏదైనా ఇంజను ఆపితే వచ్చే ఆ చివరి కుదుపు, దాని వెంట వచ్చే డీజిలు వాసన నన్ను మా పాత కంపెనీ గేటు దగ్గరికి తీసుకుపోతాయి. ఆ రోజు గేటు దాటబోతున్న లారీకి ఎదురుగా షంషాద్ గారు నిలబడ్డారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు. "ఇంజను ఆపు బాబూ. లోడు దింపాలి," అన్నారు. రొయ్యల చెరువుల్లో నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు లారీ నిండా ఉన్నాయి. సీజను మొదలవుతోంది. డీలరు పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

మా యజమాని ప్రసాదరావు గారు ఆఫీసు మెట్లు దిగి వచ్చారు.

"మోటార్లలో తేడా ఏమైనా వచ్చిందా మేడమ్?"

"మోటార్లు బాగానే ఉన్నాయి సార్. పుస్తకంలో ఉంది తేడా."

ఆయనకు నవ్వొచ్చింది. "ఆ పుస్తకం ఎవరు చదువుతారండీ? అట్టపెట్టెతోపాటే చెత్తలోకి పోతుంది."

"చదివారు సార్. అదే వచ్చిన చిక్కు."

షంషాద్ గారిది భవానీపురం. ఎలక్ట్రికల్ ఇంజనీరు. మా కంపెనీలో నాణ్యత, సర్వీసు రెండూ ఆవిడే చూసేవారు. ఆవిడ సంతకం లేకుండా యంత్రం గానీ, దానితో వెళ్ళే పుస్తకం గానీ బయటికి కదిలేవి కావు. నేను చాలా ఏళ్ళు దినపత్రిక డెస్కులో పనిచేసి, ఆ రాత్రి డ్యూటీలు ఇక చాలనిపించి, యంత్రాన్ని ఎలా బిగించాలో, ఎలా వాడాలో చెప్పే తెలుగు పుస్తకాలు రాయడానికి అక్కడ చేరాను. నేను చేరేటప్పటికే ఏరియేటర్ల పుస్తకం బయట ఎవరిచేతో తెలుగు చేయించి, అచ్చు వేయించి ఉంచారు. చేరిన కొత్తలోనే ఆవిడ నన్ను నాగాయలంక వైపు తీసుకెళ్ళారు. "మన పుస్తకం చదివేవాళ్ళు ఎక్కడ నిలబడి చదువుతారో చూద్దురు గాని, రండి," అన్నారు.

వీర్రాజు, నాగమణి అనే దంపతుల చెరువు అది. వాళ్ళవాళ్ళంతా సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళే. వీళ్ళు మాత్రం రెండు పంటలుగా రొయ్యల్లోకి దిగారు. మేము కారు దిగి గట్టు మీద నడిచి వస్తున్నాం. కొత్త ఏరియేటరు చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయని వాళ్ళు సరిచేసుకోబోతున్నారు. అంతలో కరెంటు పోయింది, చక్రాలు ఆగాయి. ఆగాయి కదా అని వీర్రాజు స్పానర్ పట్టుకుని మొల లోతు నీళ్ళలోకి దిగాడు. గట్టు మీద నాగమణి మా పుస్తకం చదువుతోంది. నీళ్ళ మీద మాట దూరానికి కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

"మోటారు మీద మూత తియ్యమన్నాడు."

"తీశాను. ఊఁ, తర్వాత?"

"లోపల మూడు వైర్లుంటాయంట. ఏవైనా రెండు విప్పి అటుదిటు, ఇటుదటు మార్చమన్నాడు."

"ఏవైనా అంటే ఏవే? సరిగ్గా చదువు."

"ఏవైనా అంటే ఏవైనానే! నీకు నచ్చినవి."

నా పక్కన షంషాద్ గారు లేరు. మూత అన్న మాట దగ్గరే ఆవిడ పరుగు మొదలుపెట్టారు. ఆ వయసులో ఆవిడ పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. "చెయ్యి పెట్టకయ్యా!" అని అరుస్తూ స్తంభం దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్చి కిందికి లాగారు. నాగమణి ఆవిడ వంక వింతగా చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూసింది. "ఇక్కడ కింద గడి కట్టి ఏదో రాశాడయ్యా. జాగ్రత్తంట. వైర్లు ముట్టుకునే ముందు గట్టు మీద మెయిన్ ఆపాలంట."

"ఆ ముక్క ముందు చెప్పొద్దంటే!"

"నన్నంటావేం? ఆయన రాసిన వరసలోనే కదా చదివింది!"

ముగ్గురం నవ్వాం. షంషాద్ గారు నవ్వలేదు. కాసేపటికి పక్క చెరువులో చక్రాలు వాటంతటవే తిరిగి నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టాయి. కరెంటు వచ్చింది. వీర్రాజు స్పానర్ గట్టు మీదికి విసిరి, నీళ్ళలోంచి బయటికి వచ్చి కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ దాటాక ఆవిడ నోరు విప్పారు. "ఎడిటర్ గారూ, మీ పేపర్లో ముఖ్యమైన మాట ఎక్కడ పెడతారు?"

"అన్నిటికంటే ముందండి. మన పుస్తకంలో కూడా జాగ్రత్తలన్నీ మొదటి పేజీలోకి తెచ్చేద్దాం."

"పేపరు చదివేవాళ్ళ చేతిలో కాఫీ ఉంటుంది. మన పుస్తకం చదివేవాళ్ళ చేతిలో స్పానర్ ఉంటుంది. మొదటి పేజీ మాట ఆ మూత దగ్గరికి వచ్చేదాకా గుర్తుంటుందా? సరిగ్గా ఒక అడుగు ముందు ఉండాలి." మళ్ళీ తనే, "ఆ పుస్తకం మీద సంతకం నాదేనండీ. నేను బల్ల దగ్గర కూర్చుని, పేజీ మొత్తం ఒకేసారి చూసి సంతకం పెట్టాను," అన్నారు.

ఆ మర్నాడే ఆవిడ గేటు దగ్గర లారీ ఆపారు. లోడు ఆగితే డీలరు వేరే కంపెనీకి పోతాడని ప్రసాదరావు గారు అన్నారు. "ఇది వెళితే నేను రేపటి నుంచి రాను సార్. బెదిరింపు కాదు, రాలేను," అన్నారు ఆవిడ, గొంతు పెంచకుండానే. ఆయన కాసేపు లారీ వంక, కాసేపు ఆవిడ వంక చూశారు. తర్వాత డీలరుకు తనే ఫోన్ చేశారు. పెట్టెలు విప్పి పాత పుస్తకాలు తీసేశాం. ప్రతి మోటారు మూత మీద పసుపు స్టిక్కరు అంటించాం: మూత తీసే ముందు గట్టు మీద మెయిన్ ఆపండి.

కొత్త పుస్తకం రాసేటప్పుడు ఆవిడ ఒక మోటారు ముందేసుకుని కూర్చునేవారు. నేను చదవాలి, ఆవిడ కాగితం చూడకుండా విన్నది విన్నట్టు చేయాలి. ఎక్కడైనా చెయ్యి ముందుకు వెళ్ళి మాట వెనకబడితే, "మళ్ళీ రాయండి" అనేవారు. కంపెనీ లాయరు గారు పంపిన జాగ్రత్తల్లో చాలావాటిని కొట్టేశారు. యంత్రం మీద బట్టలు ఆరేయరాదన్నది అందులో ఒకటి. "అన్నిటికీ జాగ్రత్త, జాగ్రత్త అంటే మా నానమ్మ మాటలా అయిపోతుంది. ఇంట్లో ఒక్కరూ వినేవాళ్ళు కాదు," అన్నారు.

ఆవిడ పోయి కొంతకాలమైంది. ఇప్పటికీ ఫోన్లో ఎవరికైనా గ్యాస్ సిలిండరు మార్చడం చెప్పాల్సి వస్తే, "పొయ్యి ఆపావా?" అని అడిగి, "ఆపాను" అన్న మాట చెవిన పడ్డాకే తర్వాతి మాట చెబుతాను. రాసినా అంతే. ఒక వాక్యం పూర్తవగానే, వినేవాళ్ళ చెయ్యి ఇప్పుడు ఎక్కడుందో చూసుకుంటాను.

ఆ లారీ కంటే ముందు ఒక లోడు వెళ్ళిపోయింది. వీర్రాజు కొన్న ఏరియేటరు అందులోదే. మిగిలినవాటి కోసం షంషాద్ గారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ డీలర్లకు ఫోన్లు చేసి, కొన్నిచోట్లకు స్వయంగా వెళ్ళి పుస్తకాలు మార్పించారు. అన్నీ దొరకలేదు. మొన్న గన్నవరం దగ్గర పాత మోటార్లు అమ్మే షెడ్డులో ఆ మోడల్ ఒకటి కనిపించింది. మూత మీద స్టిక్కరు లేదు. షెడ్డు యజమానిని అడిగితే, ఇలాంటివే ఇంకో రెండు ఈ మధ్యనే దివిసీమ వైపు అమ్మానన్నాడు. వాటితో వచ్చిన పాత పుస్తకాలు కూడా జాగ్రత్తగా కవర్లో పెట్టి ఇచ్చాడట. కొన్నవాళ్ళు ఎవరో అతనికి తెలియదు.