ఎస్తేరు మేడం అడగని ప్రశ్న

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య ఎవరో ఒక టైప్‌రైటర్ అమ్మకానికి పెట్టారు. ఒక మీట నొక్కి చూశాను. ఆ టక్కుమన్న చప్పుడుకి ఎస్తేరు మేడం గుర్తొచ్చింది.

తొంభైల మొదట్లో ఆమె నాంపల్లి స్టేషన్ దగ్గర టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేది. మా పూర్వీకుల్లో ఒకాయన నిజాం సైన్యంలో కొలువుకు ఆఫ్రికా నుంచి వచ్చాడట. ఆయన రింగుల జుట్టూ, నలుపూ నా దాకా వచ్చాయి. భాష మాత్రం రాలేదు. నాకు తెలిసినవి ఉర్దూ, తెలుగు. ఎవరు చూసినా నన్ను మొదట అడిగేది "ఏ దేశం?" అనే. టైపింగ్ నేర్చుకుందామని వెళ్తే మేడం మాత్రం కళ్లజోడు పైనుంచి చూసి, "తెలుగు టైపింగా, ఇంగ్లీషా?" అంది. తెలుగన్నాను. "గోళ్లు కత్తిరించుకుని రేపు ఆరింటికి రా," అంది.

నేర్చుకున్నాక అక్కడే అర్జీలు కొట్టే పనిలో పెట్టుకుంది. ఒకరోజు ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, చెవిటివాడికి చెప్పినట్టు ఒక్కో ఇంగ్లీషు ముక్కనీ సాగదీస్తూ తన అర్జీ వివరించాడు. "తెలుగులనే చెప్పున్రి సార్, కొడ్త," అన్నాను. ఆయన నన్ను వదిలేసి మేడం వైపు తిరిగాడు.

"తెలుగు మంచిగ నేర్పిన్రు మేడం. వచ్చి ఎన్ని దినాలైంది?"

"నేనా? బందరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయిందండీ," అంది మేడం. "సలీం ఇక్కడే పుట్టాడు. ఈ ఊళ్లో నా తెలుగుకే ఇంకా నవ్వుతుంటారు."

నాకంత ధైర్యం లేదు. ఇన్‌స్టిట్యూట్ కింద టీకొట్టు దగ్గర యాదగిరి అనే గుమాస్తా "వెస్టిండీసా?" అంటే ఔనన్నాను. గౌరవంగా టీ ఇప్పించాడు. ఆ గౌరవం రుచి మరిగి నెల రోజులు ఆయనతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాను. ఆయనదీ అంతంతమాత్రమే కాబట్టి బయటపడలేదు. చివరికి తమ ఆఫీసు జట్టుకి బౌలింగ్ చెయ్యమని మైదానానికి తీసుకెళ్లాడు. నా జన్మలో బంతి వేసింది లేదు. మొదటిది పక్కన నిలబడ్డ అంపైర్ పొట్టకి తగిలింది. రెండోదాని కోసం వికెట్ కీపర్ బౌండరీ దాకా పరుగెత్తాడు. "వాళ్ల దేశంల పిచ్ వేరేగుంటది," అని యాదగిరి నా తరఫున అందరికీ సర్దిచెప్పాడు. ఆ మాటకే నాకు తల కొట్టేసినట్టయింది.

సోమవారం మేడంకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"వాళ్లు అనుకున్నారు సరే, నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"జర ఇజ్జత్ ఇస్తున్రని, మేడం."

"ఇచ్చింది వెస్టిండీస్ వాడికి కదా. సలీంకేం దక్కింది?" మిషన్లో కాగితం ఎక్కిస్తూ అంది: "నాంపల్లి అని చెప్పి ఊరుకో. ఆ తర్వాత ఏం మాట్లాడాలో వాళ్లనే వెతుక్కోనీ."

ఆ సాయంత్రమే యాదగిరికి నిజం చెప్పాను. నమ్మలేదు. ఇంటికెళ్లి రేషన్ కార్డు తెచ్చి చూపించాను. రెండువైపులా తిప్పి చూశాడు.

"మరి నెల దినాలు నాతోని ఇంగ్లీషెందుకు మాట్లాడిపిచ్చినవ్? నోరు నొచ్చింది," అన్నాడు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఊరుకోవడం నాకిప్పటికీ కష్టమే. ఎవరైనా అడగగానే ఒక నవ్వో, సంజాయిషీయో నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. ఈమధ్య పోస్టాఫీసు క్యూలో నా వెనకున్నామె, "మీది ఏ దేశం?" అంది.

"నాంపల్లి," అన్నాను.

ఆమె నా జుట్టు వంక చూసింది, తన చేతిలో కవరు వంక చూసింది.

"మాది మెదక్," అంది చివరికి. ఇద్దరం ఒకడుగు ముందుకి జరిగాం.